పోల్ వాల్టు: పుస్తకపు పద్ధతియా, సొంత బాణీయా?

ఆటల ప్రసంగములను గురించి మాకు వచ్చు ఉత్తరములలో నూటికి తొంబది క్రికెట్టును గురించినవే. అందుచేత వనపర్తి జిల్లానుండి ఒక వ్యాయామోపాధ్యాయుడు పోల్ వాల్టును గురించి నాలుగు పుటల నిండుగా వ్రాసినప్పుడు ఆ ఉత్తరమును మేము రెండుమార్లు చదివినాము. సంగతి ఇది. ఆయన పాఠశాలలో పదవ తరగతి చదువు బాలుడొకడు గడ ఊతతో 3 మీటర్ల పైచిలుకు ఎత్తు దూకుచున్నాడు. వానికి ఆ విద్య ఎవరును నేర్పలేదు. మాస్టరుగారు ఒక శిక్షణ గ్రంథమును తెప్పించి, అందలి బొమ్మల ననుసరించి వాని తీరును దిద్దుట మొదలుపెట్టినారు. రెండు నెలలు గడచునప్పటికి బాలుని ఎత్తు పెరుగుటకు బదులు ఒక జానెడు తగ్గినది. జిల్లా పోటీలు దగ్గర పడినవి. బాలుడు గడను గోడకు చేరవేసి, ఇక పరుగు పందెములతోనే సరిపెట్టుకొందునని చెప్పినాడు. పుస్తకమును నమ్మవలెనా, పిల్లవాని బాణీని నమ్మవలెనా అని మాస్టరుగారి ప్రశ్న.

ప్రసంగమునకు మాకు దొరకిన వ్యవధి పది నిమిషములు. అందు ఇమడని సంగతులను కూడ చేర్చి ఇచ్చట విపులముగా వ్రాయుచున్నాము.

మొదట ఈ ఆట ఎట్టిదో చూతము. కాలువగట్ల వెంబడి మేకలను తోలుకొనిపోవు కాపరి, అడ్డము వచ్చిన పిల్లకాలువలో చేతికర్రను గుచ్చి, దాని ఊతతో అవతలి గట్టు మీదికి దూకుట చూచినవారికి ఇందులో సగము తెలిసినట్లే. యూరపులోను ఈ విద్య కాలువలు దాటుటకే పుట్టినది. హాలెండు దేశములో ఫ్రీస్లాండు వాసులు నేటికిని పొడవైన గడలతో కాలువలు దాటు పోటీలు జరుపుకొనుచున్నారు. అది వెడల్పు దూకుట. మనము చెప్పుకొనుచున్నది ఎత్తు దూకుట. క్రీడాకారుడు గడ పట్టుకొని కనీసము 40 మీటర్ల పొడవుగల దారిమీద పరుగెత్తి వచ్చును. దారి చివర నేలలో 20 సెంటీమీటర్ల లోతున ఒక వాలు పెట్టె అమర్చియుండును. గడ కొనను అందులో గుచ్చి, నేల విడచి, కాళ్ళు పైకెత్తి, రెండు కంబముల నడుమ నిలిపిన అడ్డుకర్రను పడగొట్టకుండ దాటవలెను. ఒక్కొక్క ఎత్తునకు మూడు ప్రయత్నములు. గడ ఏ పదార్థముతో చేసినదైనను, ఎంత పొడవైనదైనను నియమములు అడ్డుచెప్పవు.

చూచువారికి ఇది భుజబలముతో చేయు పనివలె కనబడును. నిజమునకు ఇది పరుగును ఎత్తుగా మార్చు పని. గడ అనునది ఆ మార్పు చేయు యంత్రము. లెక్క కష్టమైనది కాదు. సెకనుకు 7 మీటర్ల వేగముతో వచ్చువాని పరుగులోని శక్తి యావత్తును పైకి తిరిగినచో అది వానిని రెండున్నర మీటర్లు ఎత్తగలదు. మన శరీరపు బరువునకు కేంద్రమనదగిన చోటు నిలుచున్నప్పుడే నేలనుండి ఇంచుమించు ఒక మీటరు ఎత్తున ఉన్నది. రెండును కలిపిన మూడున్నర మీటర్లు. వేగము 8 మీటర్లయినచో ఈ మొత్తము 4 మీటర్ల 27 సెంటీమీటర్లగును. 10 మీటర్లయినచో 6 మీటర్లు దాటును. నడుమ కొంత శక్తి వృథా యగును, చేతుల బలము కొంత చేర్చును. ఆ జమాఖర్చులను అటుంచుదము. వేగములో ఒక్క మీటరు పెరుగుటకు ఎత్తులో ముప్పాతిక మీటరు ఫలమున్నదన్నది గుర్తుంచుకొనవలసిన విషయము. ఇంతటి లాభము ఏ భంగిమను దిద్దినను రాదు. భంగిమను తలచుకొనుచు పరుగు మందగించినచో ఎంత నష్టమో కూడ ఈ లెక్కయే చెప్పును. మాస్టరుగారి శిష్యుని ఎత్తు తగ్గుటలో ఒక పాలు ఇదియే అయియుండవచ్చునని ఉత్తరము చదివినప్పుడే మాకు తోచినది.

తక్కినది చూడనిదే చెప్పరాదు. గద్వాలలో నేతపనివారి మాటలను ధ్వనిముద్రణ చేసికొనవలసిన పని యొకటి ఉండుటచేత, అది ముగించుకొని, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి ఆ పాఠశాలకు వెళ్ళినాము. ఊరి చివరి మైదానము. పరుగుదారి మట్టిది. పెట్టెను వడ్రంగి చేత కొయ్యతో చేయించి నేలలో పాతినారు. పరుపు లేదు. లోతుగా త్రవ్వి నింపిన ఇసుక, దానిమీద వరిగడ్డి మోపులు. గడ వెదురుది. నాగర్‌కర్నూలు వైపునుండి, నల్లమల అడవి దాపున, మాస్టరుగారి బంధువొకరు ఎంచి పంపినదట. ఆ అడవిలో విరివిగా దొరకు వెదురు లోపల బోలు తక్కువగా ఉండి గట్టిగా, బరువుగా ఉండును. నిచ్చెనలకు, చేతికర్రలకు అంతకంటె మేలైనది లేదు గాని, పట్టుకొని పరుగెత్తుటకు అనుకూలము కాదు. ఆ బంధువు తెలిసినవాడు. బోలు ఎక్కువగల పెద్ద జాతి వెదురును వెదకి పంపినాడు. కణుపునకు కణుపునకు మధ్య చీలిక రాకుండ గుడ్డపట్టీలు బిగించియున్నవి.

బాలుడు మొదట మా ఎదుట దూకుటకు సిగ్గుపడినాడు. మాస్టరుగారు, 'దూకురా, సార్లు అంత దూరంనుంచి వచ్చిండ్రు' అని వెన్నుతట్టిన తరువాత పుస్తకపు తీరున రెండుసార్లు, తన తీరున రెండుసార్లు దూకినాడు. చేతి ఫోనుతో ఆ నాలుగింటిని చిత్రీకరించి, చెట్టునీడను కూర్చుండి నెమ్మదిగా నడిపించి చూచినాము. పుస్తకపు తీరునకు బాలుని తీరునకు రెండు భేదములు స్పష్టముగా కనబడినవి.

మొదటిది చేతుల సంగతి. పుస్తకము ప్రకారము రెండు చేతుల నడుమ మూరెడు ఎడముండవలెను. గడ గుచ్చిన తరువాతను ఆ ఎడము అట్లే నిలువవలెను. ఈ బాలుడు గడను గుచ్చు క్షణమున క్రింది చేతిని జరజర పైకి జార్చి, పై చేతి క్రిందికి తెచ్చి, రెండు చేతులు కలిపి వ్రేలాడుచున్నాడు. మాస్టరుగారు దిద్దినది ముఖ్యముగా దీనినే. ఎందుకట్లు చేయుచున్నావని మేము అడుగగా, 'చేతులు దూరముంటె గడ నన్ను లేపుతలేదు సార్, నూకేస్తున్నది' అన్నాడు.

ఆ మాట విని మేము చాలసేపు ఆలోచించినాము. వాడు చెప్పినది అక్షరాల నిజము. అదియును గాక, అది వాని సొంత బాణీ కూడ కాదు. 80 ఏండ్ల క్రిందట ప్రపంచములోని మేటి వాల్టరులందరు చేసినది అదియే.

కాలిఫోర్నియా రాష్ట్రములో కార్నీలియస్ వార్మర్‌డామ్ అను రైతుబిడ్డ ఉండెను. పొలములో ఆకుకూర మడుల నడుమ దూకి నేర్చుకొన్నవాడు. అతడు 1940లో వెదురుగడతో 15 అడుగులు దాటినాడు. అంతకుముందు ఎవరును దాటలేదు. 1942లో 4 మీటర్ల 77 సెంటీమీటర్లు దూకినాడు. ఆ రికార్డు 1957 వరకు నిలిచినది. 15 అడుగులను అతడు దాటిన పదునొకండు సంవత్సరములకు, 1951లో గాని రెండవ మనిషి దాటలేదు. ఆ తరమువారి పద్ధతిలో గడ గుచ్చునప్పుడు క్రింది చేతిని పై చేతి దరికి జార్చుట మొదటి పాఠము. కారణము గడయే. వెదురు కొంచెము వంగును గాని విల్లువలె వంగదు. వంగని గడను రెండు చేతులతో ఎడముగా పట్టినచో క్రింది చేయి అడ్డుకర్రవలె శరీరమును వెనుకకు నెట్టును. చేతులు కలిసినచో శరీరము ఒకే చోటనుండి, చెట్టుకొమ్మకు కట్టిన ఊయలవలె, స్వేచ్ఛగా ఊగి పైకి లేచును. బాలుడు 'నూకేస్తున్నది' అన్నది ఈ నెట్టుటనే.

మాస్టరుగారి గ్రంథమందు బొమ్మలలో ఉన్నది మరియొక గడ. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జపాను వెదురు అమెరికాకు రాక నిలిచిపోయినది. తరువాత ఉక్కు, అల్యూమినియము గొట్టములు వచ్చినవి. 1960లో రోము ఒలింపిక్సులో డాన్ బ్రాగ్ 4 మీటర్ల 70 దూకి స్వర్ణపతకము గెలిచినది లోహపు గడతోనే. మరుసటి సంవత్సరమే ఫైబర్ గ్లాసు గడతో ప్రపంచ రికార్డు వచ్చినది. 1962లో జాన్ యూల్సెస్ 16 అడుగులు, 1963లో జాన్ పెన్నెల్ 17 అడుగులు దాటినారు. పదునైదేండ్లలో గాని ఒక్క అంగుళమును కదలని రికార్డు, గడ మారగానే రెండేండ్లలో ఒక అడుగునకు మించి పెరిగినది. అది గడ కాదు, గులేరు అని అప్పట్లో ఆక్షేపించినవారును ఉన్నారు.

ఆ గడ చేయునదేమనగా, మనిషి బరువును, పరుగును మ్రింగి విల్లువలె వంగి, తిరిగి నిటారుగా సాగుచు అతనిని పైకి విసరును. వంగినప్పుడు గడ పొట్టిదగును గనుక అది నిటారునకు వచ్చుట సులభము; కాబట్టి ఇంకను పైన పట్టుకొనుటకు వీలగును. వెదురు కాలమువారు 4 మీటర్ల చుట్టుపట్ల పట్టుకొనగా, నేటి మేటివారు 5 మీటర్ల దగ్గర పట్టుకొనుచున్నారు. ఇట్టి గడకు చేతులు ఎడముగనే ఉండవలెను. గ్రంథము చెప్పినది తప్పు కాదు. ఆ మైదానములో లేని గడకు అది ఒప్పు. శిక్షణ గ్రంథములతో వచ్చు చిక్కు ఇదియే. అవి ఏ గడను, ఏ పరుపును, ఏ దారిని మనసునందుంచుకొని వ్రాసినవో మొదటి పుటలో చెప్పవు.

క్రింది చేతిని జార్చుట నియమవిరుద్ధమేమో అని కూడ మాస్టరుగారికి అనుమానము. కాదు. నేల విడచిన తరువాత క్రింది చేతిని పై చేతికి మీదుగా పెట్టరాదు, పై చేతిని ఇంకను పైకి జరుపరాదు; నియమము అంతవరకే. దాని వెనుక ఒక వినోదమైన కథ ఉన్నది. 19వ శతాబ్దములో ఇంగ్లండునందలి అల్వర్‌స్టన్ పట్టణపు క్రీడాకారులు బరువైన గడను నేలలో గుచ్చి, అది నిటారుగా నిలిచిన క్షణమున తాటిచెట్టు ఎక్కినట్లు చేతిమీద చేయి వేసి పైకి ప్రాకి అడ్డుకర్రను దాటెడివారు. ఊరి కంతకు అదియే బాణీ. అది దూకుట కాదు, ఎక్కుట అని అమెరికావారు మొదట, తక్కినవారు తరువాత నిషేధించినారు. నిషేధముతో ఆ ఊరివారి విద్య గంగలో కలిసినది. సొంత బాణీకి ఎల్ల గీయునది ఒకచో ప్రకృతి, ఒకచో నియమావళి.

ఇక రెండవ భేదము. ఇందులో పుస్తకము ప్రక్క నిలువక తప్పదు. బాలుడు నేల విడచు చోటు పెట్టెకు మరీ దగ్గర. నిలుచుండి గడను పెట్టెలో గుచ్చి, రెండు చేతులు నిండుగా చాచి పైకెత్తినప్పుడు, పై చేతినుండి మేస్త్రీలు గోడ చూచుకొను గుండు కట్టిన దారమును వ్రేలాడదీసినచో అది కాలివ్రేళ్ళ వద్ద నేలను తాకవలెను. బాలుని పాదము ఆ చోటుకంటె ఒక అడుగు లోపలికి పోవుచున్నది. అప్పుడు శరీరము పైకి లేవకముందే గడ దానిని వెనుకకు గుంజును; భుజములమీద పెద్ద దెబ్బ పడును. వానికి 16 ఏండ్లు, కండ లేతది, కనుక ఓర్చుకొనుచున్నాడు. కుడిభుజము నొచ్చుచున్నదా అని అడిగితిమి. వాడు మాస్టరుగారి వైపు చూచి, కొంచెము నొస్తదన్నాడు. అది ఆయనకు అప్పుడే తెలిసినది. ఆయన మొగము చూడలేకపోయినాము.

దీనిని బాణీ అని విడిచిపెట్టుటకు వీలులేదు. కాని దిద్దు మార్గము 'కాలు వెనుక వేయుము' అని గట్టిగా చెప్పుట కాదు. అట్లు చెప్పినచో బాలుడు చివరి రెండు అంగలను కుదించును, వేగము పోవును, మన లెక్క ప్రకారము ఎత్తు పోవును. చేయవలసినది పరుగు మొదలుపెట్టు గుర్తును ఒక అడుగు వెనుకకు జరుపుట మాత్రమే. అంగలు వానివి వానికే ఉండును, పాదము తనంత తాను చోటు మార్చుకొనును. ఎండ, ఎదురుగాలి, అలసట వీనినిబట్టి ఆ గుర్తు ఏ రోజుకారోజు కొంత జరుగును గనుక ప్రతిదినము ఎవరైన ఒకరు ప్రక్క నిలిచి పాదము పడిన చోటు చూచుచుండవలెను.

గద్వాలలో ఆ ఉదయము విన్న మాట యొకటి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అచ్చటి చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. రెండింటిని మగ్గముమీదనే కలిపి నేయుదురు. బుటా ఎట్లు వేసినను అది నేతగాని ఇష్టమని, అంచు అతుకు విషయములో మాత్రము ఎవరి ఇష్టమును లేదని ఒక పెద్దాయన చెప్పినాడు. అతుకు వదులైన చీర అంగడిలో బాగుగనే కనబడును, ఉదుకులో బయటపడును.

పోల్ వాల్టులో అట్టి అతుకులు మూడే అని మా అభిప్రాయము: తగ్గని పరుగు, తల మీదుగా నిండుగా ఎత్తిన చేతులు, సరియైన చోట నేల విడచుట. మేటివారిని చూచినను ఇదియే తేలుచున్నది. ఉక్రెయిను దేశీయుడు సెర్గీ బుబ్కా, శిక్షకుడు విటాలీ పెట్రోవ్ దిద్దిన పద్ధతిలో, 1985లో మొదటిసారి 6 మీటర్లు దాటినాడు. ఆరుబయటను, లోపలి మైదానములలోను కలిపి 35 పర్యాయములు ప్రపంచ రికార్డు నెలకొల్పినాడు. నేటి గ్రంథములలో పెక్కింటికి అతని భంగిమయే మూలము. అనగా మనము పుస్తకపు పద్ధతి అనుచున్నది ఒకనాడు ఒక మనిషి బాణీయే. ఆ మనిషి 183 సెంటీమీటర్ల పొడగరి, బలశాలి. ఫ్రాన్సు దేశపు రెనో లావిల్లెనీ అతనికంటె పొట్టి, తేలిక, 177 సెంటీమీటర్లు. అతని దూకుడు బుబ్కా మూసలో ఒదగదు. ఆ లావిల్లెనీయే 2014 ఫిబ్రవరిలో, బుబ్కా సొంత పట్టణమైన దోనెత్స్క్‌లో, బుబ్కా చూచుచుండగ, 6 మీటర్ల 16 దూకి అతని రికార్డును దాటినాడు. తరువాతివాడు స్వీడను తరఫున దూకు అర్మాండ్ డుప్లాంటిస్. అమెరికాలో ఇంటి పెరటిలోనే, తానును వాల్టరైన తండ్రి చేతిక్రింద పసితనమునుండి నేర్చినవాడు. 2024లో పారిస్ ఒలింపిక్సులో 6 మీటర్ల 25 దూకి తన రికార్డునే తిరుగవ్రాసినాడు. మరుసటి నెల జూరిచ్‌లో 100 మీటర్ల పరుగు 10.37 సెకన్లలో ముగించినాడు. మొదట వ్రాసిన లెక్కకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

మన దేశమున 2022లో తమిళనాడుకు చెందిన శివ సుబ్రమణియం 5 మీటర్ల 31, 2025లో మధ్యప్రదేశ్‌కు చెందిన దేవ్ మీనా 5 మీటర్ల 32 దూకి జాతీయ రికార్డులు నెలకొల్పినారు. ఆ ఎత్తులకు విల్లువలె వంగు గడ లేనిదే దారి లేదు. అట్టి గడ ఒక్కటి చాలదు. బలము పెరిగినకొలది గట్టి గడకు మారుచు పోవలెను. ఒక్కొక్క గడమీద అది ఎంత బరువు మనిషికి తగినదో వ్రాసియుండును. ఆ అంకెకంటె బరువైనవాడు ఆ గడతో దూకినచో అది విరుగు ప్రమాదమున్నది. ఎవరో వాడి విడిచిన గడ చవుకగా దొరకినదని కొనునప్పుడు ఈ అంకెను చూడనివారిని మేమెరుగుదుము. అయిదు మీటర్ల గడను బస్సుపైననో రైలులోనో చేర్చుట వేరొక యాతన.

అన్నిటికంటె ముందు పరుపు. ఈ సంగతి చెప్పునప్పుడు మాస్టరుగారితో మేము కొంత కఠినముగనే మాటలాడినాము. కొత్త పద్ధతిలో దూకువాడు వీపుమీద పడును. మూరెడు మందమునకు మించిన మెత్తని పరుపు ఉన్నదను ధీమాతోనే ఆ భంగిమ పుట్టినది. ఇసుకమీద అట్లు పడినచో మెడ విరుగును. అమెరికాలో పరుపులున్న చోటనే, 2002లో ఒక కళాశాల విద్యార్థి పెట్టె వద్ద తలక్రిందులుగా పడి మరణించినాడు. ఆ పిదపనే అచ్చట పరుపుల కొలతలు పెంచినారు. వార్మర్‌డామ్ తరమువారు ఇసుకలో, రంపపు పొట్టులో కాళ్ళమీద దిగెడివారు. ఇసుకయున్నంత కాలము ఈ బాలుడును కాళ్ళమీదనే దిగవలెను. అడ్డుకర్రను దాటునప్పుడు తల క్రిందికి పోవు బొమ్మలున్న పుటలను, పరుపు వచ్చువరకు మూసియుంచుమని కోరినాము. మేమును విద్యార్థి దశలో ఒకమారు వెదురుగడ పట్టి, పిరుదులమీద ఇసుకలో కూలి, వారము దినములు బల్లమీద కూర్చుండలేక నిలుచుండి పాఠములు విన్నవారమే.

మాస్టరుగారు మమ్ము ఇంకొక ప్రశ్న అడిగినారు. రేపు జిల్లాలో నెగ్గి, రాష్ట్రస్థాయికి పోయి, అచ్చట ఫైబర్ గ్లాసు గడ చేతికి వచ్చినచో ఈ జార్చు అలవాటు వానికి అడ్డుపడదా? అడ్డుపడును. మానుటకు ఒక ఋతువు పట్టవచ్చును, అప్పుడు ఎత్తు మరల తగ్గును. ఆ సంగతి బాలునికి ముందుగా చెప్పియుంచవలెను. చెప్పక దిద్దుటవలననే ఈసారి వాడు గడను గోడకు చేరవేసినాడు. పరుగు, చేతుల ఎత్తు, పాదము చోటు ఇప్పుడే కుదిరియున్నచో అప్పుడు మార్చవలసినది ఒక్క క్రింది చేయి మాత్రమే.

ఆ సాయంకాలము గుర్తును అడుగు వెనుకకు జరిపి, పాత చోట నాటిన గులకరాయిని పెరికివేసినారు. మొదటి పర్యాయము బాలుడు పరుగెత్తి వచ్చి గడ గుచ్చక ఆగిపోయినాడు. రెండవసారి గుచ్చినాడు గాని అడ్డుకర్ర పడినది. 'భుజానికి గుంజలేదు సార్' అని మాత్రము అక్కడనుండియే కేకవేసినాడు. భుజము నొప్పి పూర్తిగా పోవువరకు, కనీసము పది దినములు, దూకుట మాని ఉత్త పరుగు మాత్రము చేయించుదునని మాస్టరుగారు మాట ఇచ్చినారు. చీకటి పడుచుండగ ఆయన గడను భుజముపై వేసికొని, పట్టీలలో ఏది సడలినదో వ్రేళ్ళతో తడవి చూచుకొనుచు, బాలుని వెంటబెట్టుకొని ఊరివైపు నడచినారు.